అరచుట్టు ముందుకి

మరలు కలవలేదు.
గరాజ్ సేల్‌లో నలభై డాలర్లకి దొరికిన స్టాండు అంగుళాల కాలం నాటిది,
పెట్టె విప్పిన టెలిస్కోపు మిల్లీమీటర్లది.
బోల్టు మూడు చుట్లు మర్యాదగా తిరిగి
నాలుగో చుట్టులో మొరాయించింది,
మాటలన్నీ అయ్యాక
గోత్రం దగ్గర ఆగిపోయిన సంబంధంలా.

లాంగ్ గల్లీ అంటారు మా పేటని.
గల్లీ ఏమీ కాదు, ఒకప్పుడు బంగారం కోసం తవ్విన లోయ.
బెండిగోలో ఆగస్టు రాత్రి,
షెడ్డులో ఒక బల్బు, ఒక వైసు,
పిడి వదులైన రంపం,
చేతికి ఐసుముక్కలా తగిలే ఆకురాయి.
పాత సామాన్ల కొట్టులో తూకానికి కొన్న అల్యూమినియం దిమ్మ
కోస్తుంటే వెన్నలా ఉంటుందన్నారు.
ఎవరింటి వెన్నో!

పగలంతా పళ్ళ ల్యాబులో
ముఖం తెలియని వాళ్ళ దవడలకి తొడుగులు చేస్తాను.
వెంట్రుకంత తేడా వచ్చినా నాలుక పసిగట్టేస్తుందని తెలుసు.
అయినా మొదటి పలక పాడుచేశాను.
సెంటర్ పంచ్ మీద సుత్తి పడేవేళకి తుమ్మొచ్చింది.
మిల్లీమీటరేగా, అనుకున్నాను.
పన్నెండు సెంటీమీటర్ల పలక మిల్లీమీటరు ఒరిగితే
పైన అది
ఒక నిండు చందమామ వెడల్పు.
ఆ పలక ఇప్పుడు వంటింటి తలుపు
గాలికి కొట్టుకోకుండా కాపలా కాస్తోంది.

రెండో పలకకి
పక్కింటి డెస్ ట్రెలోర్ కంచె మీదుగా ట్యాపు అందించాడు,
నూనెగుడ్డలో చుట్టి, పసిబిడ్డని ఇచ్చినట్టు.
రైల్వే వర్క్‌షాపులో ఆయనతోపాటు ముప్పై ఏళ్ళు పనిచేసి
ఆయనతోపాటే రిటైరైన ట్యాపు.
విరిచావంటే దీన్ని మళ్ళీ ఎవరూ పుట్టించరు, అన్నాడు.
కిరసనాయిలుందా, అన్నాడు.
అల్యూమినియానికి అదే మందట.
ఆ వాసన చివరిసారి పీల్చింది
బొబ్బిలిలో, కరెంటు పోయిన ఏదో పరీక్షల రాత్రి.
లెక్కలో, సాంఘికశాస్త్రమో గుర్తులేదు.

అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి.
అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి.
వెనక్కి తిప్పినప్పుడల్లా లోపల రజను తెగి
టిక్కుమంటుంది.
ఆ టిక్కు వినకుండా ముందుకెళ్ళకు, అన్నాడు డెస్
కంచె అవతలినుంచి, బీరు డబ్బా చేతిలో పట్టుకుని.
రెండు రంధ్రాలకి మర తీసేసరికి
వేళ్ళు నావి కావు.

అక్కకి ఫోన్లో చెప్తే ఒకటే నవ్వు.
శని చూపు పడకూడదని జనమంతా ప్రదక్షిణలు చేస్తుంటే
నువ్వు రంపం పుచ్చుకుని ఆయన వెంట పడ్డావేమే?

ఇక్కడ ధ్రువుడు లేడు.
దక్షిణపు ఇరుసు దగ్గరి చుక్క
ఉందా లేదా అన్నట్టుంటుంది.
దానికి కథ లేదు.
ఎవరి ఒళ్ళోంచీ తోసేస్తే అలిగి వచ్చింది కాదు.
అందుకని దిక్సూచి మాటని పదకొండు డిగ్రీలు సవరించి,
నీటిమట్టం పెట్టి,
ముప్పై ఏడు డిగ్రీలకి కోసిన చెక్కముక్క ఆనించి
ఇరుసు ఇటే ఉండాలని నమ్మాను.

బిగించాక కూడా పలక కాస్త ఊగింది.
డెస్ ఖాళీచేసిన డబ్బా కత్తిరించి
గోరంత రేకు సందులో దూర్చాను.
ఊపు ఆగింది.
శని వచ్చాడు, ఉంగరంతో సహా,
బస్సులో చివరి సీటు దొరికినవాడిలా
అటూ ఇటూ సర్దుకుని కుదురుకున్నాడు.

రా, చూడు, అన్నాను డెస్‌ని.
కళ్ళకి పొర, నాకేం కనపడుతుంది, అన్నాడు.
గ్లౌజు తీసి, చీకట్లో తడుముకుంటూ
ఖాళీగా మిగిలిన రెండో రంధ్రంలోకి
చిటికెనవేలు పోనిచ్చి
మర గట్లన్నీ గోటితో లెక్కపెట్టాడు.
చాలాసేపు.
ఈలోగా శని అద్దం అంచు దాటి వెళ్ళిపోతున్నాడు.

"మూడో చుట్టు దగ్గర తొందరపడ్డావు"
అన్నాడు.